కారుకు పెద్ద అల్లాయ్ వీల్స్ వేయించారా? టైరు ‘గర్ర్’మంటే తేలిగ్గా తీసుకోవద్దు.. తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

విశాఖపట్నం: కొత్త అల్లాయ్ వీల్స్ బిగించుకుని షాపు నుంచి బయటకు వస్తుంటే కారు చూసి ముచ్చటేస్తుంది. చాలామందికి ఆ ముచ్చట మొదటి స్పీడ్ బ్రేకర్ వరకే. వెనక సీట్లో ముగ్గురు కూర్చున్నా, యూ టర్న్ కోసం స్టీరింగ్ పూర్తిగా తిప్పినా లోపల నుంచి ‘గర్ర్’మని శబ్దం. షాపుకు తిరిగి వెళ్తే వచ్చే సమాధానం ఒకటే.. ‘కొత్తలో అలాగే ఉంటుంది సార్, రెండు రోజుల్లో సర్దుకుంటుంది’.

అది సర్దుకోదు. శబ్దం తగ్గిందంటే, అప్పటికే టైరో, లోపలి ప్లాస్టిక్ లైనరో, పెయింటో అరిగిపోయిందని అర్థం. అసలు టైరు ఎందుకు రాసుకుంటుంది? ఎక్కడ రాసుకుంటోందో ఇంటి దగ్గరే ఎలా తెలుసుకోవాలి? ఏ పరిష్కారం మంచిది, ఏది ప్రమాదం? వివరంగా తెలుసుకుందాం.

శబ్దం కాదు.. ప్రమాదం టైరు పక్క గోడకు

రోడ్డుకు ఆనే టైరు భాగం మందంగా ఉంటుంది. పక్క గోడ, అంటే సైడ్‌వాల్ అలా కాదు. బండి బరువుకు వంగుతూ, లేస్తూ ఉండాలి కాబట్టి దాన్ని పల్చగా తయారు చేస్తారు. ఫెండర్ లోపలి అంచు రేకు పదునుగా ఉంటుంది. గుంతలో పడిన ప్రతిసారీ ఆ అంచు పక్క గోడనో, టైరు భుజాన్నో గీస్తూ పోతే రబ్బరు లేచిపోయి లోపలి దారాలు బయటపడతాయి. ఆ దశలో టైరు ఎప్పుడు పేలుతుందో ఎవరూ చెప్పలేరు. పైగా పక్క గోడ దెబ్బతింటే పంక్చర్ వేసి నడిపే అవకాశం కూడా లేదు, టైరు మార్చాల్సిందే.

లోపలి వైపు రాసుకుంటే ఇంకా కష్టం. అక్కడ షాక్ అబ్జార్బర్, స్ప్రింగ్ కప్పు, బ్రేక్ గొట్టం ఉంటాయి. బయట నుంచి చూస్తే టైరు కొత్తగానే మెరుస్తుంటుంది. లోపలి గోడ తెగిపోతున్న సంగతి టైరు విప్పితే తప్ప కనపడదు.

విశాఖలో ఎందుకు త్వరగా బయటపడుతుంది?

చదునైన రోడ్డు మీద, ఒక్కరే నడిపితే చాలా కార్లలో ఈ లోపం నెలల తరబడి తెలియదు. విశాఖ రోడ్లు మాత్రం ఊరుకోవు. కాన్వెంట్ జంక్షన్ నుంచి పోర్టు వైపు, సింధియా మీదుగా గాజువాక, స్టీల్‌ప్లాంట్ వైపు వెళ్లే దారుల్లో రాత్రీ పగలూ భారీ లారీలు, ట్రెయిలర్లు తిరుగుతాయి. అలాంటి రోడ్లు వానాకాలంలో త్వరగా గుంతలు పడతాయి. కొండ వాలు మీద కట్టిన కాలనీల్లో గేటు దగ్గర ర్యాంపు ఎక్కాలంటే స్టీరింగ్ తిప్పుతూనే ఎక్కించాలి. టైరు రాసుకోవడానికి ఇంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు.

ఇక ఆదివారం కుటుంబంతో అరకు ప్రయాణం. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్‌లో ఒకదాని వెంట ఒకటి మలుపులు. ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను. మలుపులో బండి ఒక పక్కకు వాలినప్పుడు ఆ వైపు స్ప్రింగులు బాగా అణిగి, టైరు ఫెండర్‌లోకి చొచ్చుకుపోతుంది. ఊళ్లో ఎప్పుడూ వినపడని శబ్దం ఘాట్‌లో మొదటిసారి వినిపించేది ఇందుకే. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ ఉన్న చోట టైరు పేలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మొదటి లెక్క: టైరు మొత్తం ఎత్తు

టైరు మీద 185/65 ఆర్15 అని ఉందనుకోండి. 185 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. 15 అంటే రిమ్ వ్యాసం అంగుళాల్లో. పక్క గోడ 185లో 65 శాతం, అంటే సుమారు 120 మి.మీ. పైనా కిందా కలిపి 240.5 మి.మీ. దానికి రిమ్ వ్యాసం 381 మి.మీ. కలిపితే చక్రం మొత్తం ఎత్తు 621.5 మి.మీ.

కార్ల కంపెనీలు కూడా పై వేరియంట్లకు పెద్ద రిమ్ములు ఇస్తాయి. మరి వాటికి ఎందుకు రాసుకోదు? బాలెనోనే చూడండి. కింది వేరియంట్‌కు 185/65 ఆర్15, పై వేరియంట్‌కు 195/55 ఆర్16 ఇచ్చారు. రెండో దాని మొత్తం ఎత్తు 620.9 మి.మీ. రిమ్ ఒక అంగుళం పెరిగినా చక్రం ఎత్తు మారలేదు, ఎందుకంటే పక్క గోడను ఆ మేరకు తగ్గించారు. పెద్ద రిమ్ వేసే పద్ధతి ఇదే. రిమ్ పెరిగితే టైరు గోడ తగ్గాలి, మొత్తం ఎత్తు పాతదానికి దగ్గరగానే ఉండాలి.

అదే కారుకు ‘గంభీరంగా ఉంటుంది’ అని 205/50 ఆర్17 వేయిస్తే? మొత్తం ఎత్తు 636.8 మి.మీ. పాతదానికన్నా 15 మి.మీ. ఎక్కువ. అందులో సగం, అంటే సుమారు ఏడున్నర మి.మీ. ఫెండర్ వైపు పెరిగింది. టైరు వెడల్పు 20 మి.మీ. పెరిగి రెండు వైపులా 10 మి.మీ. చొప్పున ముందుకొచ్చింది. రాసుకోక ఏం చేస్తుంది?

ఇంకో నష్టం కూడా ఉంది. చక్రం పెద్దదైతే స్పీడోమీటర్ లెక్క తప్పుతుంది. ఈ ఉదాహరణలో ఎత్తు సుమారు 2.5 శాతం పెరిగింది కాబట్టి, ముల్లు ఇంతకు ముందు 80 చూపించిన చోటే ఇప్పుడూ ఉన్నా, బండి దాదాపు 82 వేగంతో పోతుంటుంది. పాత ఎత్తుకు 2 శాతానికి మించి తేడా రాకుండా చూసుకోవడం మంచిది.

రెండో లెక్క: షాపులో ఎవరూ చెప్పని ‘ఆఫ్‌సెట్’

టైరు సైజు సరిపోయినా రాసుకుంటోందంటే అనుమానించాల్సింది రిమ్ ఆఫ్‌సెట్‌ని. రిమ్ వెడల్పుకు సరిగ్గా మధ్య గీత నుంచి, అది హబ్‌కు ఆనుకునే ముఖం ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో ఈ అంకె చెబుతుంది. రిమ్ వెనక ‘ఈటీ 45’, ‘ఈటీ 38’ అని అచ్చు వేసి ఉంటుంది. కార్లలో సాధారణంగా ఈ అంకె తగ్గితే చక్రం బయటకు జరుగుతుంది, పెరిగితే లోపలికి జరుగుతుంది.

మీ పాత రిమ్ 6 అంగుళాల వెడల్పు, ఈటీ 45 అనుకుందాం. షాపులో 7 అంగుళాల వెడల్పు, ఈటీ 38 రిమ్ చూపించారు. వెడల్పు ఒక అంగుళం పెరిగింది కాబట్టి రెండు వైపులా 12.7 మి.మీ. చొప్పున పెరుగుతుంది. ఆఫ్‌సెట్ 7 తగ్గింది కాబట్టి మొత్తం చక్రం 7 మి.మీ. బయటకు జరుగుతుంది. అంటే బయటి వైపు దాదాపు 20 మి.మీ. ముందుకొస్తుంది, లోపలి వైపు మాత్రం 6 మి.మీ. కూడా పెరగదు. ఈ కారుకు ఫెండర్ అంచు దగ్గరే రాసుకుంటుంది. ఇదంతా కాగితం మీద రెండు నిమిషాల్లో తేలిపోయే లెక్క. డబ్బు కట్టాక కాదు, కట్టకముందే వేయాలి.

ఎక్కడ రాసుకుంటోంది? సుద్దముక్కతో పట్టేయొచ్చు

చాలాచోట్ల జరిగే పొరపాటు ఏమిటంటే, శబ్దం ఎక్కడిదో తెలియకుండానే ఫెండర్ మీద సుత్తి పెట్టడం. ముందు శబ్దం ఎప్పుడు వస్తోందో గమనించండి.

• స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే వస్తే: ముందు చక్రం ప్లాస్టిక్ లైనర్‌కో, బంపర్ వెనక అంచుకో, లోపలి భాగాలకో తగులుతోంది.
• గుంతలో, స్పీడ్ బ్రేకర్ మీద వస్తే: పైన ఫెండర్ అంచు తగులుతోంది.
• వెనక ముగ్గురు కూర్చుంటేనే వస్తే: వెనక ఫెండర్ అంచు. వెనక స్ప్రింగులు కుంగిపోయాయేమో కూడా చూడాలి.
• స్టీరింగ్ తిన్నగా ఉన్నా ఆగకుండా వస్తుంటే: లోపలి వైపు షాక్ అబ్జార్బర్‌కు టైరు ఆనుతుండొచ్చు. బండి అక్కడితో ఆపేయాలి.

ఇప్పుడు సుద్దముక్క పరీక్ష. నాలుగు టైర్ల భుజాలకు, లోపలి పక్క గోడకు చేయి అందినంత వరకు సుద్ద బాగా పూయండి. కారులో ఎప్పుడూ ఎక్కేంతమందిని ఎక్కించండి. ఖాళీ స్థలంలో స్టీరింగ్‌ను ఎడమకు, కుడికి పూర్తిగా తిప్పుతూ నెమ్మదిగా ముందుకు, వెనక్కు నడపండి. తర్వాత గేటు ర్యాంపు మీదకు ఏటవాలుగా, ముందు ఒక చక్రమే ఎక్కేలా మెల్లగా ఎక్కించండి. దిగి చూస్తే సుద్ద ఎక్కడ చెరిగిపోయిందో అక్కడే రాసుకుంటోంది. ఎదురుగా ఉన్న లైనర్ మీదో, రేకు మీదో తెల్లటి మరక కూడా కనిపిస్తుంది. ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసిన తర్వాతే చక్రం దగ్గర చేయి పెట్టండి. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కింద దూరొద్దు.

చూడాల్సింది ఇంకోటి ఉంది. లోపలి వైపు టైరుకూ షాక్ అబ్జార్బర్‌కూ మధ్య కనీసం ఐదారు మిల్లీమీటర్ల ఖాళీ లేకపోతే, ఇప్పుడు తగలకపోయినా వేగంలో, మలుపులో తగిలే అవకాశం ఉంది.

తేలికైన పరిష్కారం నుంచి మొదలుపెట్టండి

1. లైనర్ క్లిప్పులు: కొన్నిసార్లు తప్పు కొత్త చక్రానిది కాదు. వాన నీళ్లలో నడిపినప్పుడు లైనర్ క్లిప్పు ఊడి, ప్లాస్టిక్ కిందకు వేలాడుతుంటుంది. కొత్త క్లిప్పులు వేస్తే సరిపోతుంది. లైనర్ ఒక మూల మాత్రమే తగులుతుంటే వేడి గాలితో దాన్ని వెనక్కి వంచవచ్చు. పూర్తిగా తీసేయొద్దు. అది లేకపోతే బురద, రాళ్లు, నీళ్లు నేరుగా వైరింగ్ మీద, రేకు మీద పడతాయి.

2. టైరు మార్చడం: రిమ్ ఉంచి, దానికి తగిన తక్కువ వెడల్పు లేదా తక్కువ ఎత్తు టైరు వేయడం. పై ఉదాహరణలో 205/50 ఆర్17 బదులు 205/45 ఆర్17 వేస్తే మొత్తం ఎత్తు 616.3 మి.మీ.కు దిగుతుంది. పాత 621.5కు ఇది దగ్గరే. కొత్త టైర్లు ఇంకా అరగకముందే అయితే షాపువాళ్లతో మాట్లాడి మార్చుకునే వీలుంటుంది.

3. సరైన ఆఫ్‌సెట్ రిమ్: తేడా ఎక్కువగా ఉంటే అసలు పరిష్కారం ఇదే. ఖర్చు ఎక్కువే. కానీ రేకు కోయించి, పెయింట్ వేయించి, టైర్లు అరగదీసుకుని చివరికి రిమ్ములే మార్చేవారికి అయ్యేది ఇంతకన్నా ఎక్కువ.

4. స్పేసర్లు: హబ్‌కు, రిమ్‌కు మధ్య పెట్టే బిళ్ల ఇది. చక్రాన్ని బయటకు జరుపుతుంది కాబట్టి లోపలి వైపు తగిలేటప్పుడే పనికొస్తుంది. బయట ఫెండర్‌కు తగులుతుంటే సమస్యను పెంచుతుంది. స్పేసర్ పెట్టాక నట్టు బోల్టు మీదకు ఎక్కే మరలు తగ్గిపోతాయి. బోల్టు లావు ఎంతో కనీసం అంత పొడవున నట్టు ఎక్కాలన్నది మెకానిక్కులు పాటించే లెక్క. 12 మి.మీ. బోల్టుకు, 1.25 మి.మీ. మర అయితే నట్టు దాదాపు 10 చుట్లు తిరగాలి. ఐదారు చుట్లకే బిగుసుకుంటే ఆ స్పేసర్‌తో రోడ్డెక్కొద్దు.

5. ఫెండర్ అంచు మడవడం: ఫెండర్ లోపలి అంచును పైకి మడిచి టైరుకు చోటు ఇవ్వడం. దీనికి ప్రత్యేకమైన రోలర్ ఉంటుంది. రేకును వేడి చేస్తూ నెమ్మదిగా మడవాలి. సుత్తితో కొడితే పెయింట్ పగులుతుంది. విశాఖలో దీన్ని మరీ జాగ్రత్తగా చూడాలి. సముద్రం పక్క ఊరు, ఉప్పు గాలి. పెయింట్ పగిలిన చోట రేకు త్వరగా తుప్పు పడుతుంది, అది లోపలి వైపు కాబట్టి రేకు తినేసేదాకా కనిపించదు. మడిచిన రోజే ఆ అంచుకు ప్రైమర్, తుప్పు పట్టని పూత వేయించాలి.

ఇవి మాత్రం చేయొద్దు

స్ప్రింగులు కోయించి కారును కిందకు దింపడం చాలా ప్రమాదం. కోసిన స్ప్రింగు గుంతలో తన చోటు నుంచి జరిగిపోవచ్చు. టైరుకు, ఫెండర్‌కు మధ్య ఉన్న కాస్త ఖాళీ కూడా పోతుంది. అలాగే టైరు తగలకుండా ఉంటుందని గాలి తగ్గించడం. గాలి తగ్గితే పక్క గోడ ఇంకా ఉబ్బుతుంది, వేడెక్కుతుంది. పెద్ద రిమ్ మీద ఉన్న పల్చటి గోడ టైరులో గాలి తగ్గితే, గుంతలో రిమ్ అంచు వంగడం ఖాయం.

బరువు మోసే శక్తి తగ్గకూడదు

టైరు సైజు పక్కన ‘88హెచ్’ లాంటి గుర్తు ఉంటుంది. 88 అంటే ఆ టైరు 560 కిలోలు మోయగలదు. 84 అయితే 500 కిలోలే. 205/45 ఆర్17 మామూలు రకం టైరుకు 84, ఎక్స్‌ట్రా లోడ్ రకానికి 88 ఉంటుంది. పాత టైరు 88 ఉన్న కారుకు తెలియక 84 వేయిస్తే, నాలుగు టైర్ల మీద కలిపి 240 కిలోల సామర్థ్యం పోయినట్టే. ఊళ్లో తెలియదు, నిండు బండితో ఘాట్ ఎక్కినప్పుడు తెలుస్తుంది. ఎక్స్‌ట్రా లోడ్ టైరు అదే బరువు మోయడానికి కాస్త ఎక్కువ గాలి అడుగుతుంది. ఎంత పట్టాలో టైరు కంపెనీ పట్టిక చూసి పెట్టించుకోవాలి.

చట్టం, బీమా ఏమంటున్నాయి?

తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. కంపెనీ అసలు స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన చట్టంలోని 182ఏ సెక్షన్ ప్రకారం నిబంధనలు ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు.

అందుకే అదే మోడల్ పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చిన రిమ్, టైరు సైజుకు మారడం అన్నిటికన్నా క్షేమం. అది ఆ కారు ఫెండర్‌కు, సస్పెన్షన్‌కు సరిపోతుందని కంపెనీయే పరీక్షించి ఇచ్చింది. రాసుకునే బాధ ఉండదు, లెక్కలు వేసే పని ఉండదు. వీల్స్ మార్చిన విషయం బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకుండా వదిలేస్తే ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

డబ్బు కట్టే ముందు ఈ ఆరు అడగండి

• కొత్త టైరు మొత్తం ఎత్తు పాతదానికి 2 శాతం లోపు తేడాలో ఉందా?
• రిమ్ వెడల్పు, ఆఫ్‌సెట్ ఎంత? పాతదానితో పోలిస్తే లోపలికి ఎంత, బయటకు ఎంత జరుగుతుంది?
• నట్ల మధ్య దూరం, మధ్య రంధ్రం కారు హబ్‌కు సరిగ్గా సరిపోతాయా? రంధ్రం పెద్దదైతే హబ్ రింగులు వేస్తారా?
• లోడ్ ఇండెక్స్ పాతదానికన్నా తక్కువ కాదుగా? టైరు మీద ఐఎస్ఐ గుర్తు ఉందా?
• పాత నట్లు కొత్త రిమ్‌కు సరిగ్గా కూర్చుంటాయా? స్టెప్నీకి ఏ నట్లు వాడాలి?
• ముందు, వెనక ఒక్కో చక్రం బిగించి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూశాకే నాలుగూ వేస్తారా?

చివరి ప్రశ్నకు ‘అవసరం లేదు సార్’ అన్న షాపులో మీకూ అవసరం లేదు. బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచిన తర్వాత నట్లు మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు మళ్లీ సరిచూపించి, అలైన్‌మెంట్ చేయించండి. ఆ తర్వాత అరకు వెళ్లే ముందు రోజు సాయంత్రం, కుటుంబం మొత్తాన్ని ఎక్కించుకుని సింహాచలం ఘాట్ రోడ్డు మీద ఒకసారి నెమ్మదిగా తిరిగి రండి. శబ్దం వినిపిస్తే ఇంటికి దగ్గర్లోనే ఉంటారు, ఆగి చూసుకోవచ్చు.